స్పితిలో నీళ్ళ వంతు: లాంగ్జా, కోమిక్, కిబ్బర్ ఊళ్ళ ప్రయాణం

స్పితి వెళ్ళొచ్చామంటే అందరూ ముందు రోడ్డు గురించే అడుగుతున్నారు, బైక్ మీద వెళ్ళారా, ఊపిరి ఆడిందా, చంద్రతాల్ సరస్సు చూశారా అని. వాటి మీద యూట్యూబ్‌లో కావాల్సినన్ని వీడియోలున్నాయి కాబట్టి నేను ఊళ్ళ గురించి రాస్తాను. హిమాచల్‌లో లాహౌల్-స్పితి జిల్లా వైశాల్యం 13,841 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా లెక్కల ప్రకారం జనం 31,564 మంది మాత్రమే, అంటే చదరపు కిలోమీటరుకి ఇద్దరు. అందులో స్పితి వైపైతే ఇంకా పల్చన. హిమాలయాలు దాటి ఋతుపవనాలు లోపలికి పెద్దగా రావు, అందుకే అది ఎడారి, కానీ ఇసుక ఎడారి కాదు, రాయి, మట్టి, గాలి. అంత ఎత్తులో అసలు వ్యవసాయం ఎలా చేస్తున్నారు, నీళ్ళు ఎక్కడివి అనేది మా పిన్ని కూతురికీ నాకూ ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న, ఇద్దరం అనంతపురం జిల్లా పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళం మరి. ఆగస్టు చివర్లో వెళ్ళాం, అప్పుడైతే బఠానీ కోతలు జరుగుతుంటాయని ఎవరో చెప్తే.

మొదటి రోజు, రెకాంగ్ పియో నుంచి టాబో

చండీగఢ్, సిమ్లా, రాంపూర్ మీదుగా పియో దాకా వచ్చి అక్కడ ఒక రాత్రి పడుకున్నాం. మనాలి వైపు నుంచి కాకుండా ఇటు నుంచి వెళ్తే ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది, ఒంటికి అలవాటవుతుంది, మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇటే వెళ్ళండి. పొద్దున్నే స్పితిలో పెద్ద ఊరైన కాజా వెళ్ళే ప్రభుత్వ బస్సు ఎక్కాం. సట్లెజ్ పక్కనే కొండని తొలిచి వేసిన రోడ్డు, కొన్నిచోట్ల రాయి తల మీదకి వంగి ఉంటుంది. ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది, అక్కడి నుంచి వంకర మీద వంకర ఎక్కుతూ నాకో చేరేసరికి చెట్లనేవి అయిపోయాయి. ఊరున్న చోట మాత్రం పచ్చగా ఒక మరక, మిగతా అంతా గోధుమ రంగు కొండలే. ఒకచోట రాళ్ళు పడి రెండు గంటలకు పైగా ఆగిపోయాం, జేసీబీ వచ్చి తీసేదాకా, అందరూ బస్సు దిగి ఎండలో కూర్చుని ఆపిల్ పళ్ళు పంచుకున్నారు.

టాబో చేరేసరికి సాయంత్రమైంది. ఆపిల్ తోటలు, విల్లో చెట్లు, ఎత్తు 3,280 మీటర్లు, కొంచెం తలనొప్పి తప్ప ఏమీ లేదు.

రెండో రోజు, టాబో గోంపా, తర్వాత కాజా

టాబో గోంపా, అంటే బౌద్ధ మఠం, 996లో కట్టారు. బయటి నుంచి చూస్తే మట్టి గోడలు, మట్టి కప్పులు, ఇదేనా అనిపిస్తుంది. లోపలికి వెళ్ళి చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక గోడల నిండా బొమ్మలు ఒక్కొక్కటే బయటపడతాయి, గోడకి ఆనించి మనిషంత మట్టి విగ్రహాలు, వెయ్యేళ్ళ కిందటి రంగులు. ఫోటోలు తీయనివ్వరు, ఒకందుకు అదే మంచిది, కూర్చుని చూస్తాం. 1975 జనవరిలో కిన్నౌర్ భూకంపానికి ఇక్కడ బాగా దెబ్బతింది, తర్వాత పక్కనే కొత్త ప్రార్థనా మందిరం కట్టారు, 1996లో వెయ్యేళ్ళ పండక్కి దలైలామా వచ్చి కాలచక్ర పూజ చేశారు. మట్టి కట్టడం వెయ్యేళ్ళు నిలబడిందంటే వానలు లేకపోవడమే కారణం. ఈమధ్య వానలు కూడా పడుతున్నాయని, కప్పులు కారుతున్నాయని అక్కడి లామా ఒకాయన చెప్పారు, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు గానీ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే మాట విన్నాం.

మధ్యాహ్నం కాజా. బజారు, పెట్రోల్ బంకు, ఏటీఎం అన్నీ ఉన్నాయి. పడుకున్నాం, నీళ్ళు తాగాం, అంతే.

మూడో రోజు, లాంగ్జా

కాజా నుంచి టాక్సీలో గంట లోపే, కానీ ఆ గంటలో ఏడెనిమిది వందల మీటర్లు ఎక్కేస్తాం. లాంగ్జా 4,400 మీటర్ల ఎత్తులో ఉంది, వెనకాల చౌ చౌ కాంగ్ నీల్డా అనే మంచు కొండ, అది 6,303 మీటర్లు, ఊరి నుంచి చూస్తే చేత్తో ముట్టుకోవచ్చేమో అన్నంత దగ్గరగా ఉంటుంది. ఊరి మీద పెద్ద బుద్ధుడి విగ్రహం లోయలోకి చూస్తూ. ఇళ్ళు ఓ ముప్పై నలభై ఉంటాయేమో, తెల్ల సున్నం వేసిన మట్టి గోడలు, కిటికీల చుట్టూ నల్లటి పట్టీ, చదునైన కప్పుల మీద చలికాలానికి ముళ్ళ కంప, ఎండుగడ్డి పేర్చి పెట్టారు.

మేం ఉన్న ఇంట్లో కింద భాగం పశువులకి, పైన మనుషులు. వంటగది మధ్యలో ఇనప పొయ్యి, దాన్ని తందూర్ అంటారు, పొగ గొట్టం కప్పులోంచి బయటికి, దాని చుట్టూ కింద తివాచీలు, పొట్టి బల్లలు, గోడకి అలమరాల్లో ఇత్తడి గిన్నెలు తళతళలాడుతూ వరసగా. చలికాలంలో ఇంటిల్లిపాదీ ఈ ఒక్క గదిలోనే బతుకుతారట, బయట మైనస్ 25 దాకా పోతుంది. పొయ్యిలోకి పిడకలే, యాక్‌ది, గాడిదది, ఆవుది. పిడకల వాసన రాగానే మా చెల్లి "అక్కా, అమ్మమ్మ ఇల్లు" అంది, నేనూ అదే అనుకున్నా.

టాయిలెట్ గురించి రాయాలి, ఎందుకంటే చాలామంది ముక్కు మూసుకుని వెళ్ళి వెక్కిరిస్తూ వీడియోలు పెడతారు. పై అంతస్తులో చిన్న గది, నేలలో నలుచదరం కంత, పక్కన మట్టీ బూడిదా కుప్ప, ఒక పార. పని అయ్యాక ఒక పార మట్టి కిందకి తోస్తాం. నీళ్ళు పొయ్యరు. కింద గదిలో అది ఏడాదంతా మాగి ఎరువవుతుంది, వసంతంలో గాడిదల మీద చేలకి తోలతారు. వాసన నిజంగానే లేదు, గాలి అంత పొడిగా ఉంటుంది. ఈ ఊళ్ళో చేలకి వేసే ఎరువులో పెద్ద భాగం ఇదీ, పశువుల పేడా. కాబట్టి వెళ్ళినప్పుడు దయచేసి అందులో ప్లాస్టిక్, ప్యాడ్లు, వెట్ వైప్స్ వెయ్యకండి, అది వాళ్ళ పొలానికి వెళ్ళేది. ఇంటి దీదీ చెప్పింది, టూరిస్టులు అడుగుతున్నారని కాజాలో అందరూ ఫ్లష్‌లు పెట్టేస్తున్నారు, పై ఊళ్ళలో కూడా మొదలైంది, మాకు అంత నీళ్ళు ఎక్కడివి అని.

రాత్రికి తుక్పా అనే నూడుల్స్ సూపు, మర్నాడు పొద్దున వేయించిన బార్లీ పిండి, దాన్ని త్సంపా అంటారు, ఉప్పు వేసిన వెన్న టీలో వేళ్ళతో కలిపి ముద్ద చేసుకుని తినాలి. నాకు మొదటి ముద్దకే నచ్చింది.

నాలుగో రోజు, లాంగ్జా చేలల్లో

ఈ రోజు కోసమే వెళ్ళామనుకోవచ్చు. దీదీ వాళ్ళు బఠానీ కోతకి బయల్దేరుతుంటే మేమూ వస్తామన్నాం, ఆవిడ నవ్వి తలకి కట్టుకోమని గుడ్డలిచ్చింది. స్పితిలో పాత పంటలు బార్లీ, నల్ల బఠానీ. పచ్చి బఠానీ డబ్బు పంటగా తర్వాత వచ్చింది, కింద మైదానాల్లో బఠానీ దొరకని కాలంలో ఇక్కడ కాపుకొస్తుంది కాబట్టి మంచి రేటు పలుకుతుంది, చండీగఢ్, ఢిల్లీ మార్కెట్లకి లారీల్లో పోతుంది. ఏడాదికి ఒక్కటే పంట, మే నెలలో విత్తి సెప్టెంబర్ లోపు ఇంటికి తెచ్చుకోవాలి. ఆ నాలుగు నెలల సంపాదనతోనే మిగతా ఎనిమిది నెలలు.

ఒక చేలో పది పన్నెండు మంది ఉన్నారు, అందరూ ఒక ఇంటివాళ్ళు కాదు. ఇవాళ వీళ్ళ చేలో అందరూ, రేపు వాళ్ళ చేలో అందరూ. మన దగ్గర బదులు పని అంటాం కదా, అదే. కాయ కొయ్యడానికి ఒక పద్ధతి ఉంది, ఎడం చేత్తో తీగ పట్టుకుని కుడి చేత్తో తొడిమ దగ్గర గిల్లాలి, లాగితే తీగ మొత్తం వచ్చేస్తుంది, తర్వాత తీగ ఎండబెట్టి పశువులకి మేత. ఏదీ పారేసేది లేదు. కోస్తూ కోస్తూ అందరూ తింటూనే ఉన్నారు, ఆ బఠానీ తియ్యదనం నేను ఇంకెక్కడా తినలేదు.

పది గంటలకి అవతల కయ్యలోకి నీళ్ళు వచ్చాయి. దీదీ మామగారు, డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి, పార భుజాన వేసుకుని వచ్చి కాలవ గట్టు మీద గడ్డి పెళ్ళ ఒకటి ఎత్తి ఇటు పెట్టారు, అటు ఉన్న రాయి తీసి ఇటు తోశారు, బురదతో సందులు మూశారు, అంతే, నీళ్ళు మలుపు తిరిగి కయ్యలోకి వచ్చాయి. మడవ తిప్పడం. నేను అక్కడే నిలబడిపోయాను. మా తాత అచ్చం ఇలాగే, అదే వంగడం, పారతో అదే రెండు దెబ్బలు.

ఆయన్ని అడిగితే ఓపిగ్గా అంతా చెప్పారు, దీదీ హిందీలోకి మార్చి చెప్పింది. పైన మంచు కరిగే చోటు నుంచి కొండ వాలు వెంబడి కిలోమీటర్ల కొద్దీ కాలవ తవ్వుకుంటూ వస్తారు, దాన్ని కూల్ అంటారు. ఊరి పైన ఒక గుంట ఉంటుంది. మంచు పగలు కరుగుతుంది కాబట్టి ఆ నీళ్ళు కిందకి వచ్చేసరికి సాయంత్రమవుతుంది, రాత్రంతా గుంటలో నిలవ చేసి పొద్దున తూము తీస్తారు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అనేది ఊరు పుట్టినప్పటి పెద్ద ఇళ్ళతో ముడిపడి ఉంటుంది, వాళ్ళ హక్కు ముందు, తర్వాత మిగతావాళ్ళు, వంతు తన అవసరానికి మించి ఉంటే వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు, బదులు తీసుకోవచ్చు. ఇందులో అందరికీ సమానం అనేది లేదు, అది ఆయనా ఒప్పుకున్నారు. కానీ వసంతంలో మంచు పోగానే కాలవ పూడిక తియ్యడానికి ఇంటికొక మనిషి రావాల్సిందే, రాకపోతే జరిమానా. ఆ పని మాత్రం పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు తేడా లేకుండా.

మా ఊళ్ళో చెరువు కింద నీరుగంటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంతసేపు అనేది ఆయన చూసేవాడు, పంటలో ఆయనకి ఒక పాలు ఇచ్చేవాళ్ళం. తర్వాత ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు, చెరువు పూడిక తీసే దిక్కు లేదు, నీరుగంటి లేడు, చివరికి బోర్లూ ఎండిపోయాయి. ఇది చెప్తే ముసలాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఇక్కడ మంచు కొండ ఎవరింట్లోనూ లేదు కదా, అందుకని ఇంకా కలిసే ఉన్నాం అన్నారు. అయితే మంచు తగ్గిందట. ఆయన చిన్నప్పుడు నడుం దాకా పడేది, ఈమధ్య కొన్ని చలికాలాల్లో మోకాలు దాకా కూడా రాలేదు, పడినా ఆలస్యంగా పడి తొందరగా కరిగిపోతోంది, విత్తే టైముకి కాలవలో నీళ్ళు ఉండట్లేదు. ఆ టైము తప్పితే ఆ ఏడాది పంటే లేదు.

సాయంత్రం ఊరి మేకలూ గొర్రెలూ కొండ దిగి వచ్చాయి. వాటినీ వంతు ప్రకారమే మేపుతారు, ఇవాళ ఒక ఇంటివాళ్ళు, రేపు పక్కింటివాళ్ళు, అన్నీ ఒకే మందగా. ఊళ్ళోకి రాగానే ఏ మేక ఆ ఇంటి గుమ్మం ముందుకి అదే వెళ్ళిపోయింది.

పిల్లలు జేబుల్లోంచి రాళ్ళు తీసి చూపించారు, చుట్టలు చుట్టుకున్న శంఖాల్లాంటి శిలాజాలు, అమ్మోనైట్లు. టెథిస్ సముద్రం ఇక్కడ ఉండేది, భారత భూఖండం వచ్చి ఆసియాని గుద్దుకున్నాక సముద్రం అడుగంతా పైకి లేచి ఈ కొండలైంది. 4,400 మీటర్ల మీద నిలబడి సముద్రపు జీవిని అరచేతిలో పట్టుకోవడం మాటల్లో చెప్పలేను. చూడండి, తిరిగి ఇచ్చేయండి, కొనకండి. అమ్మకం మీద నిషేధం ఉంది, పైగా మనం కొంటే పిల్లలు స్కూలు మానేసి రాళ్ళు తవ్వుతారని దీదీయే చెప్పింది.

ఐదో రోజు, హిక్కిం, కోమిక్

పొద్దున లాంగ్జా నుంచి నడిచాం. హిక్కింలో పోస్టాఫీసు 1983లో పెట్టారు, 4,400 మీటర్ల పైన ఎత్తు, అక్కడి నుంచి అమ్మకి ఒక కార్డు, చెల్లి ఆఫీసుకి ఒకటి పంపాం. ఫోటోలు దిగే జనం ఎక్కువ, కానీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి అది బ్యాంకు కూడా, పొదుపు ఖాతాలు అక్కడే. ఇక్కడి నుంచి ఉత్తరాలు సంచిలో వేసుకుని కాజాకి నడిచి మోసిన మనుషుల వల్లే ఆ పోస్టాఫీసు నిలబడింది. ప్రపంచంలోనే ఎత్తైన పోలింగ్ కేంద్రం కూడా ఒకప్పుడు హిక్కింలోనే, ఇప్పుడది తాషీగంగ్‌లో ఉంది, 4,650 మీటర్లు.

కోమిక్ 4,587 మీటర్లు. మోటారు రోడ్డున్న ఊళ్ళలో ప్రపంచంలో ఇదే ఎత్తైనదని బోర్డు ఉంది, నిజానికి ఇంతకంటే ఎత్తులో ఉన్నవీ ఉన్నాయి. పక్కనే టాంగ్యుద్ గోంపా, టిబెటన్ బౌద్ధంలో సాక్య సంప్రదాయానిది, కోట గోడలా ఏటవాలు గోడలు. ఊరు మాత్రం చాలా చిన్నది, నీళ్ళ కష్టం లాంగ్జా కంటే ఎక్కువ. ఊటలు ఎండుతున్నాయని, కొన్ని చేలు విత్తకుండా వదిలేశామని ఒక ఇంటావిడ చేత్తో చూపించింది, నిజంగానే గట్లు ఉన్నాయి, మధ్యలో దుమ్ము. ఆ బోర్డు దగ్గర ఫోటో దిగి పది నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళకి ఆ చేలు కనపడవు.

ఆరో రోజు, కిబ్బర్, చిచం

కాజా దిగి, కీ గోంపా చూసుకుని కిబ్బర్. 4,270 మీటర్లు, ఈ ఊళ్ళ లెక్కలో పెద్ద ఊరు. ఒకప్పుడు పరాంగ్ లా కనుమ దాటి లద్దాఖ్ వైపుకి గుర్రాలు తోలుకెళ్ళి యాక్‌లకి మార్చుకుని వచ్చేవాళ్ళు. 1992లో కిబ్బర్ వన్యప్రాణి అభయారణ్యం పెట్టారు, మంచు చిరుత ఉండే చోటు, చలికాలంలో దాన్ని చూడ్డానికి కెమెరాలవాళ్ళు వస్తారు.

మేం ఉన్న ఇంట్లో పశువుల కొట్టం చూపించారు. గోడలు రాయి, పైన ఇనప వల బిగించారు. ఇదివరకు పైన ఖాళీగా ఉండేది, చిరుత ఒక రాత్రి లోపలికి దూకితే బయటికి పోలేక కంగారులో ఒక్కటి కాదు, పది ఇరవై మేకల్ని చంపేసేది. ఏడాది కష్టం ఒక రాత్రిలో పోతే ఏ మనిషికైనా దాన్ని చంపాలనే అనిపిస్తుంది కదా. మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు ఈ ఊరివాళ్ళతో మాట్లాడి మేత భూమిలో కొంత భాగం అడవి గొర్రెలకి వదిలేలా ఒప్పందం చేసుకున్నారు, పశువులకి బీమా పథకం పెట్టారు, ఇంటింటా కొంచెం కొంచెం కడతారు, పశువు పోతే ఊరి కమిటీయే చూసి డబ్బిస్తుంది. అది కూడా ఒక రకం వంతే.

చిచం వంతెన కిబ్బర్ నుంచి దగ్గరే, 2017లో తెరిచారు. కింద చాలా లోతైన లోయ. అంతకుముందు తాడు మీద ఇనప బుట్ట, అందులో కూర్చుని చేత్తో లాక్కుంటూ దాటేవాళ్ళు, గర్భిణులు, బడి పిల్లలు, బఠానీ బస్తాలు, అందరూ, అన్నీ. వంతెన మధ్యలో నిలబడి కిందకి చూస్తే నాకు కాళ్ళు వణికాయి, ఆ బుట్టలో ఎలా దాటారో ఆలోచించడానికే భయమేసింది.

ఆ రాత్రి ఇంటమ్మాయితో మాట్లాడాం, చండీగఢ్‌లో డిగ్రీ చదువుతోంది, కోతకని వచ్చింది. పాత పద్ధతిలో ఇల్లూ పొలమూ పెద్ద కొడుక్కే, రెండోవాడు గోంపాలో లామా, ముసలివాళ్ళు పక్కనే చిన్న ఇంట్లోకి మారతారు. భూమి ముక్కలు కాకుండా, జనం పెరక్కుండా ఆ కట్టుబాటు ఊరిని కాపాడిందంటుంది ఆ అమ్మాయి, కానీ అందులో ఆడపిల్లకి చోటు లేదని కూడా అంతే గట్టిగా అంటుంది. చదువయ్యాక కాజాలో టీచరుగా చేస్తానంది. కింద ఉండిపోవచ్చు కదా అని మా చెల్లి అడిగితే, చలికాలంలో మా నాన్నకి కప్పు మీద మంచు తోసేవాళ్ళెవరు, కాలవ పనికి మా ఇంటి నుంచి వెళ్ళేదెవరు అంది. ఇప్పటికే రెండేళ్ళుగా పూడిక పనికి తనే వెళ్తోందట, ముందు ఊళ్ళో మగవాళ్ళు నవ్వారు, ఇప్పుడు నవ్వట్లేదు.

చివరి రోజు, లోసర్, కుంజుం, మనాలి

షేర్ టాక్సీలో తెల్లవారుజామున బయల్దేరాం. లోసర్‌లో టీకి ఆగితే రోడ్డు పక్కన బఠానీ బస్తాలు లారీకెక్కిస్తున్నారు. కుంజుం కనుమ దగ్గర డ్రైవర్ గుడి చుట్టూ బండి తిప్పి ముందుకి పోనిచ్చాడు, అది ఆచారం. తర్వాత బటాల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు అనేది లేదు, వాగులూ రాళ్ళూ, అయిదారు గంటలు ఎముకలన్నీ కదిలిపోయాయి. 2020లో తెరిచిన అటల్ సొరంగం దాటి అవతల తేలగానే దేవదారు చెట్లు, వాన, బురద.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. ఈ కుంజుం దారి సుమారు జూన్ నుంచి అక్టోబర్ దాకానే, మిగతా కాలం మేం వెళ్ళిన పియో దారిలో, కిన్నౌర్ వైపు నుంచే. డబ్బు నోట్ల రూపంలో ఉంచుకోండి. పై ఊళ్ళలో ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు ఉండండి, కాజాలో హోటల్ తీసుకుని ఒక్క పూటలో లాంగ్జా, హిక్కిం, కోమిక్ చుట్టేసి వచ్చే టాక్సీ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి, దాంట్లో ఊరివాళ్ళకి మిగిలేది దుమ్మే. మేం ఇచ్చిన హోంస్టే డబ్బుల్లో కొంత కాలవకి సిమెంటు కొనడానికి పోతుందని లాంగ్జా దీదీ చెప్పింది, ఎండలో నీళ్ళు ఇంకిపోయే చోట వేస్తారట. వచ్చే మే నెలలో పూడిక పనికి రమ్మంది. చెల్లి అప్పుడే సెలవలు లెక్కపెడుతోంది.